మా గోడ మీది ఆకుపచ్చ పుట్టగొడుగు

పోయిన నెల మా బావమరిది కొడుకు కోకాపేటలో కొనుక్కున్న ఫ్లాటు గృహప్రవేశానికి వెళ్లాం. ఎన్నో అంతస్తో చెప్పారుగానీ గుర్తులేదు, లిఫ్టులో మూసుకున్న చెవులు మళ్లీ కిందికి దిగేదాకా తెరుచుకోలేదు కాబట్టి ఎత్తు బాగానే ఉన్నట్టు. వ్రతం అయ్యాక ఫలహారాల ప్లేట్లు పట్టుకుని అందరూ ఇల్లు చూడడం మొదలుపెట్టారు. హాల్లో సోఫా వెనక గోడ నిండా చిన్నవీ పెద్దవీ పటాలు వేలాడుతున్నాయి. కొమ్మ మీద పిట్ట, వేళ్లతో సహా పీకి పరిచినట్టున్న మొక్క, గుత్తులుగా లేచిన పుట్టగొడుగులు, అన్నీ ఆకుపచ్చ ఛాయలోనే ఉన్నాయి, వెనక కాగితం చాయ్ రంగుకు తిరిగి అంచుల్లో గోధుమరంగు మచ్చలు పడి ఉంది. వింటేజ్ అట. డిజైనరు అమ్మాయి ఇంటర్నెట్లో దొరికిన బొమ్మలను తెచ్చి కంప్యూటర్లో వాటిని పాతవాటిలా చేసి ఇచ్చిందని మావాడు మురిసిపోతూ చెప్పాడు. నేను కళ్లద్దాలు తుడుచుకుని దగ్గరికి వెళ్లి చూస్తే పిట్ట కాగితం మీద ఏ మచ్చ ఎక్కడుందో మొక్క కాగితం మీదా సరిగ్గా అక్కడే ఉంది, అంటే ఒకే మచ్చల పొరను అన్నిటి మీదా పరిచేశారన్నమాట. మామయ్యది ఈ లైనే కదా, ఎలా ఉన్నాయో చెప్పమని మావాడు అందరి ముందూ అడిగాడు. బాగున్నాయని చెప్పి కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాను. ఎత్తుకు కళ్లు తిరిగాయేమోనని మా ఆవిడ వెనకే వచ్చింది. కళ్లు తిరగలేదు, సిగ్గేసింది. ఆకుపచ్చ పుట్టగొడుగును చూస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది, అది ఎవరింటి గోడ మీదున్నా సరే.

ఈ మాట కుర్రవాళ్లతో అంటే నవ్వుతారు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో హైదరాబాదులో ఉద్యోగం చేసిన నా ఈడువాళ్లైతే నవ్వరన్న ధైర్యంతో రాస్తున్నాను.

అప్పట్లో నేను హైటెక్ సిటీకి వెనకవైపు ఒక అద్దాల భవనంలో సగం అంతస్తు కిరాయికి తీసుకున్న చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ని. హైటెక్ సిటీలో నౌకరీ అనగానే మా ఊళ్లో అందరూ సాఫ్ట్‌వేర్ అనుకునేవారు, నేనూ పెద్దగా కాదనేవాణ్ని కాదు. నిజానికి నాది మచ్చలు తుడిచే పని. విదేశంలో ఏదో పెద్ద గ్రంథాలయంవాళ్లు వందేళ్లు, అంతకన్నా పాతవైన ప్రకృతిశాస్త్ర గ్రంథాల్లోని బొమ్మలను స్కాన్ చేసి మాకు పంపేవారు. రాతి అచ్చు వేసి, ఆ పైన ఎవరో ఓపికగా చేత్తో రంగులద్దిన పిట్టలు, మొక్కలు, పుట్టగొడుగులు. తేమకు కాగితం మీద పుట్టిన మచ్చలు తీసేసి, వెలిసిపోయిన రంగు ఆ పుస్తకం కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఊహించి, అలా నిలబెట్టాలి. ఆ ఊహించడంలోనే ఉంది తంటా అంతా. కోడిపిల్ల రెక్క మీది చుక్క ఏదో, కాగితానికి పట్టిన బూజు చుక్క ఏదో కొత్తగా చేరినవాళ్లకు తెలిసేది కాదు, శుభ్రం చేసే ఉత్సాహంలో పిట్ట కంటిని కూడా మచ్చ అనుకుని తుడిచేసేవారు. గుడ్డిపిట్ట వచ్చిందంటే ఆ రోజు గది అంతా నవ్వులే. నా పక్క సీటు ఆవిడది తెనాలి దగ్గర ఊరు, కాపురం కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో, పని నేర్పడంలో మహా నేర్పరి, ఆవిడ ఆ గుడ్డిపిట్టలకు మళ్లీ కళ్లు పెట్టి పంపేది. మేనేజరుది కడప. నాది జనగామ దగ్గర పల్లె. అలా మూడు దిక్కులవాళ్లం ఒకే గదిలో కూర్చుని, మేమెవరమూ చూడని దేశాల పిట్టలకు రంగులు సరిచేస్తూ ఉండేవాళ్లం.

ఇక్కడ మా అన్న గురించి చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. నాన్న చిన్నప్పుడే పోయాడు. అన్న నాకన్నా చాలా పెద్ద, చదువైన వెంటనే బడిపంతులుగా చేరి ఇంటి బరువు నెత్తికెత్తుకున్నాడు. నేను బొమ్మలు వేసే కాలేజీలో చేరతానన్నప్పుడు చుట్టాలందరూ ముక్కున వేలేసుకున్నారు. బొమ్మలేసి బతికినవాడు మా వైపు ఎవరూ లేరు మరి. అన్న ఒక్కడే, వాడికి వచ్చింది వాడు చదువుకుంటాడని తేల్చేశాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు నీ తమ్ముడు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే ఆయనకు చెప్పడం చేతనయ్యేది కాదు. అచ్చుపనంటే అచ్చుపని కాదు, కంప్యూటరంటే కంప్యూటరూ కాదు. ఒకసారి సెలవుల్లో నేను కూర్చోబెట్టి వివరంగా చెబితే ఓపికగా విని, చివరికి, మంచిదేరా, కాయితాలకు దవాఖాన నడుపుతున్నరన్నట్టు, అన్నాడు. అంతకంటే బాగా నేను కూడా ఇంతవరకు చెప్పలేకపోయాను.

ఉద్యమం ముదిరాక అన్న పూర్తిగా అందులోనే ఉన్నాడు. బడి అయ్యాక ధర్నా, సెలవొస్తే ఊరేగింపు, రోడ్డు మీద పొయ్యి పెట్టి వండుకుని తినే వంటా వార్పుల్లో గరిటె ఆయనదే. మెడలో గులాబీ కండువా స్నానానికి తప్ప తీసేవాడు కాదని వదిన ఫోన్లో నవ్వుతూ చెప్పేది. సకల జనుల సమ్మె వచ్చినప్పుడు ఉపాధ్యాయులు కూడా దిగారు, జీతాలు ఆగిపోయాయి, అయినా ఆయన గొంతులో నేనెప్పుడూ వినని హుషారు. మరి తమ్ముడైన నేనేం చేస్తున్నాను? ఏసీలో కూర్చుని చిలక ముక్కుకు రంగు దిద్దుతున్నాను. సమ్మె శిబిరంలో తోటి పంతుళ్లు అన్నను దీనికే ఆటపట్టించేవారట, నువ్వు ఇక్కడ గొంతు చించుకుంటుంటే మీ తమ్ముడు అక్కడ ఆంధ్రోళ్ల కంపెనీల పిట్టలను సాక్కుంటున్నడు గదా సారూ అని. అన్న నాతో ఎప్పుడూ అనలేదు, వదిన అన్నది. నేను ఆ మాటను నవ్వి ఊరుకున్నట్టు ఊరుకున్నానుగానీ అది లోపల ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

సరిగ్గా అప్పుడే నా చేతికి ఆ పుట్టగొడుగు వచ్చింది. వచ్చినప్పుడు అది పుట్టగొడుగులాగే లేదు, గొడుగు ఏదో మరక ఏదో తెలియకుండా కాగితమంతా బూజు తినేసి ఉంది. నేను దాని మీద చాలా రోజులు కూర్చున్నాను. మచ్చలు ఒక్కొక్కటే తీస్తూ పోతే గొడుగు అడుగున ఉండే సన్నని ఈనెలు తేలాయి, ఆ ఈనెల మధ్య ఎక్కడో ఒక మూల ఎండ తగలని చోట మొదట అద్దిన రంగు చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. అచ్చమైన గులాబీ. ఆ చిన్న ముక్కను ఆధారం చేసుకుని మొత్తం గొడుగుకు ఆ రంగు తిరిగి తెచ్చాను. అయిపోయాక పక్క సీటు ఆవిడ కుర్చీ జరుపుకుని వచ్చి, ఇంత మంచి పని నేను ఈ మధ్య చూడలేదండీ, ఎవరో ఇప్పుడే కోసుకొచ్చి పెట్టినట్టుంది, అంది. నాకు నిజంగా గర్వమేసింది. అంతకుముందుగాని ఆ తర్వాతగాని నా పని చూసి నాకే అంత ముచ్చట కలగలేదు.

అదే వారం మేనేజరు ఒక కబురు తెచ్చాడు. గ్రంథాలయంవాళ్లు మనుషుల్ని పంపుతున్నారు, మన పని కళ్లారా చూసిపోతారు, అందుకని లోపలికి రాగానే కనిపించే పెద్ద గోడ మీద ఒక్కొక్కరి పని ఒక్కొక్కటి పెద్దగా అచ్చువేయించి పెడదాం, కింద చేసినవాళ్ల పేరు కూడా రాద్దాం, అన్నాడు. నాది ఆ పుట్టగొడుగే అని అందరూ ఏకకంఠంతో అనేశారు. ఆ సాయంత్రమే అన్నకు ఫోన్ చేశాను. హైటెక్ సిటీలో మా ఆఫీసు గోడ మీద, అందరికంటే ముందు, నా పేరుతో ఒక బొమ్మ పెడుతున్నారని, అది మీ కండువా రంగేనని చెప్పాను. మీ కండువా అన్నాను చూడండి, మన కండువా అనలేదు, ఆ మాట కూడా తర్వాతే తట్టింది. అన్న పకపకా నవ్వాడు. మర్నాటికి ఆ సంగతి శిబిరమంతా తెలిసిపోయిందని వదిన చెప్పింది. ఆటపట్టించినవాళ్లందరికీ పేరుపేరునా పిలిచి చెప్పాడట, మా తమ్ముడు ఆడ కూసుండి కూడా మన రంగే నిలబెట్టిండని. నేను ఏ రంగునూ నిలబెట్టలేదు, రంగు దానంతటది అలా ఉంది, అంతే. కానీ అన్న అలా అనుకోవడం నాకు బాగుంది, అందుకని సరిదిద్దలేదు.

ఇక అసలు కథ. ఆ రోజుల్లో ఆఫీసుల్లో గాలి ఎలా ఉండేదో మీకు చెప్పనక్కర్లేదు. పొద్దున్నే గుడ్ మార్నింగ్ చెప్పుకున్నవాళ్లమే మధ్యాహ్నం డబ్బాలు విప్పగానే ఎవరి నీళ్లు ఎవరు తాగుతున్నారు, ఎవరి ఉద్యోగాలు ఎవరు తింటున్నారు అనే దగ్గరికి వచ్చి, పచ్చడి అడగడం మానేసి ముఖాలు తిప్పుకునేవాళ్లం. బంద్ రోజు కొందరు గుంపుగా వచ్చి ఆఫీసులు మూయమని అరిచి వెళ్లేవారు. ఒకసారి మా అంతస్తులోనే ఎవరో కుర్రాడు కంప్యూటరుకు గులాబీ రిబ్బను కట్టుకుంటే, ఇంకొకడు పంతానికి పసుపు రుమాలు పరిచాడు, ఇద్దరినీ విడదీసేసరికి మేనేజరుకు చెమటలు పట్టాయి. అందుకని గోడకు బొమ్మలు ఖాయం చేసే రోజున ఆయన అందరినీ కూర్చోబెట్టి, చూడప్పా, గోడ మీద ఎవరి రంగూ కనపడకూడదు, వచ్చేటోళ్ల ముందర మన ఇంటి రచ్చ వద్దు, అన్నాడు. న్యాయమే అనిపించింది. నేను కూడా తలూపాను.

మీరు నమ్మరుగానీ, చదువుకున్న పెద్దమనుషులం, ఒక పూటంతా కూర్చుని రంగులకు కులం కట్టాం. గులాబీ పోయింది. గులాబీ పోతే పసుపు పోవద్దా అని నేనే అడిగాను, నిజమేనని పసుపు పోయింది. ఎరుపు ఎవరిదో, కాషాయం ఎవరిదో, నీలం ఎవరిదో ఒక్కొక్కరే గుర్తుచేసుకున్నారు. చివరికి ఆకుపచ్చ మిగిలిందనుకుంటే, అదీ ఒక జెండాలో ఉందని ఒకాయన వేలెత్తాడు. పక్క సీటు ఆవిడకు నవ్వు ఆగక, ఆకు ఏ పార్టీదండీ, ఆకును కూడా అనుమానిస్తారా, అంది. అలా నిక్కమైన ఆకుపచ్చ కాకుండా, ఆకుపచ్చలా ఉండీ లేనట్టుండే ఒక వాడిపోయిన ఛాయ దగ్గర అందరం ఏకమయ్యాం. తెలంగాణ, ఆంధ్ర, సీమ, ముగ్గురం ఒప్పుకున్న రంగు ఆ కాలంలో ఇంకోటి ఉన్నట్టు నాకు గుర్తులేదు. కంసాలి పిట్టకు నుదుట ఎరుపు, గొంతు కింద పసుపు ఉంటాయి, పాపం రెండూ పోయి అది ఎండిన ఆకులా తయారైంది. చిలకల ముక్కులు కూడా ఆ ఛాయకే తిరిగాయి.

నా పుట్టగొడుగు రంగు నేనే మార్చాను. వేరే ఎవరైనా మారుస్తే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది, వాళ్ల మీద కోపం పెట్టుకుని హాయిగా ఉండేవాణ్ని. పెద్ద పనేమీ కాదు, అసలు బొమ్మను అలాగే దాచి, గోడకు వేసే ప్రతిలో మాత్రం రంగు తిప్పాను. గ్రంథాలయానికి పోయేది సరైనదే కదా, ఇది గోడ వరకే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పక్క సీటు ఆవిడ ఒక్కసారి తలెత్తి నా తెర వైపు చూసి మళ్లీ తన పనిలో పడిపోయింది. అచ్చు వచ్చింది, చట్రం బిగించారు, కింద నా పేరు ముద్దుగా ఉంది. విచిత్రమేమంటే, ఎవరి కోసం ఇంత రభస చేశామో ఆ గ్రంథాలయంవాళ్లు రానే లేదు. హైదరాబాదులో బంద్‌లని వార్తల్లో చూసి ప్రయాణం మానుకున్నారట. గోడ మాత్రం మిగిలింది. అన్నకు ఈ మార్పు సంగతి చెబుదామని ఫోన్ ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నానో, తీసుకున్న ప్రతిసారీ శిబిరం కబుర్లు అడిగి పెట్టేశాను.

సమ్మె రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అన్న ఫోన్ చేసి, కింద గేటు కాడ ఉన్నమురా, అన్నాడు. నాకు ఒక్క క్షణం ఏ గేటో అర్థం కాలేదు. నగరంలో ఏదో సభకు వచ్చారట, బస్సులు లేవు కాబట్టి జీపులో వచ్చి, అది అయ్యాక ఆటో మాట్లాడుకుని ఇంత దూరం వచ్చాడు, ఒక్కడే కాదు, వెంట ఇద్దరు పంతుళ్లు. నా గురించి అన్నను ఆటపట్టించింది వాళ్లేనని వాళ్ల ముఖాలు చూడగానే తెలిసింది. బొమ్మ చూపిద్దామని తీసుకొచ్చాడు. నేను మెట్లు దిగుతూ ఏమనుకున్నానో దాచకుండా చెబుతున్నాను. మెడలో ఆ కండువాలతో వీళ్లను లోపలికి ఎలా తీసుకెళ్లాలి, మేనేజరు ఏమంటాడు, ఇదే అనుకున్నాను. బొమ్మ సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. మా అన్నను చూసి సిగ్గుపడ్డాను, ఆ వెంటనే మా గోడను తలచుకుని మా అన్న ముందు సిగ్గుపడ్డాను, ఈ రెండూ ఒకే మెట్టు మీద జరిగాయి.

సెక్యూరిటీ అతను కండువాల వైపు చూసి నోరు తెరిచేలోపే అన్న తన కండువా తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెంట ఉన్నవాళ్లు సందేహిస్తుంటే, తీయుండ్రి సార్లూ, తమ్ముని నౌకరి జాగ ఇది, జర మర్యాద ఉండాలె, అన్నాడు. ఆయన మెడ మీద కండువా ఉన్నంత మేర ఎండకు మాడకుండా తెల్లగా ఉంది. నెలల తరబడి రోడ్ల మీద తిరిగితే తప్ప మనిషి మెడకు అలా అయ్యేది కాదు. నేను పాసులు రాయించాను. లిఫ్టులో ఒక పంతులు అద్దంలో చూసుకుంటూ మీసం దువ్వుకున్నాడు. అన్న మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, చిన్నప్పుడు జాతరలో తప్పిపోకుండా వేసినట్టే.

తలుపు తెరవగానే గోడ. వాళ్లకు దారి చూపించాల్సిన పని కూడా లేకపోయింది. అన్న నేరుగా వెళ్లి నా పేరున్న పటం ముందు ఆగాడు, వెనక ఆ ఇద్దరూ ఆగారు. నేను రెండడుగులు వెనక నిలబడి ఏదో చెప్పాలనుకున్నాను, ఇది కంపెనీ నిర్ణయమనో, అసలుది లోపల ఉందనో. మీసాల పంతులు ముందుకు వంగి చూసి, గులాబీ అంటివి గదా సారూ? ఇది ఆకుపచ్చగున్నదేంది? అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. అన్న పటాన్ని ఇంకాసేపు చూసి, నా వైపు తిరగకుండానే, అవునా, నాకే యాది తప్పినట్టున్నది, వాడు పచ్చ అనే చెప్పిండు, నేనే సంబురంల గులాబీ చేసిన, అన్నాడు. తర్వాత పటం కింద నా పేరు మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం పైకి చదివి, పేరు మంచిగ రాసిండ్రు, అన్నాడు. మా అన్న బళ్లో పిల్లలకు తేదీలన్నీ పుస్తకం ముట్టకుండా చెప్పే మనిషి. ఆయనకు యాది తప్పడం ఏమిటి? ఆ ఇద్దరికీ కూడా అది తెలుసు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మంచిగున్నది, మస్తుగున్నది, అని గబగబా అన్నారు.

అప్పుడు పక్క సీటు ఆవిడ లేచి వచ్చి, అన్నయ్యగారూ, మీ తమ్ముడుగారు ఈ బొమ్మ మీద ఎంత కష్టపడ్డారో మాకు తెలుసండీ, మాలో ఇంకెవరి వల్లా అయ్యేది కాదు, అని చెప్పి, మెషీన్ కాఫీ కాకుండా కింద నుంచి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించింది. శిబిరంలో ఏ వైపువాళ్లకు వ్యతిరేకంగా నినాదాలు ఇస్తున్నారో ఆ వైపు మనిషి చేత్తో మా అన్న చాయ్ అందుకుని, మీ పిల్లలు మంచిగ చదువుతున్నరా అమ్మా, అని అడిగాడు. ఆవిడ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. మేనేజరు కూడా వచ్చి నమస్కారం పెట్టాడు. అందరూ అంత మర్యాదగా ఉన్న పూట మా ఆఫీసులో అంతకుముందు లేదు. నాకు మాత్రం భూమి చీలితే బాగుండుననిపించింది. వెళ్లేటప్పుడు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాకే అన్న జేబులోంచి కండువా తీసి దులిపి వేసుకున్నాడు. అన్నా, అని పిలిచాను. ఆయన, ఫికర్ జెయ్యకు, నౌకరి చూసుకో, ఎండల నిలవడకు పో, అని ఆటో ఎక్కాడు. అన్న బొమ్మ గురించి మళ్లీ మాట్లాడలేదు. శిబిరంలో కూడా ఎవరూ మాట్లాడలేదని వదిన అంది. నా పేరెత్తి అన్నను ఆటపట్టించడం కూడా మానేశారట, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మా అంతస్తు నిండా గులాబీ బెలూన్లు కట్టారు, మిఠాయి పంచారు, మేనేజరే స్వయంగా నా దగ్గరికి వచ్చి, నీ పుట్టగొడుగు అసలుది ఉంది కదప్పా, పెద్దది వేయించి పెట్టిద్దాం, ఇప్పుడు బాగుంటాది, అన్నాడు. ఆయనను తప్పుపట్టలేను. గాలి మళ్లితే గోడలు కూడా మళ్లుతాయి, ఉద్యోగాలు చేసుకునేవాళ్లం అంతే. ముందటి దానికంటే పెద్దగా, చక్కని చట్రంలో, గులాబీ గొడుగు అదే చోటికి ఎక్కింది. నేను వెంటనే అన్నకు ఫోన్ చేసి, అన్నా, అసలు రంగులో పెట్టారు, ఒక్కసారి వచ్చి చూడు, నేను కారు పంపిస్తా, అన్నాను. వెనక డప్పుల చప్పుడు, ఊరంతా వీధిలోనే ఉన్నట్టుంది. అన్న ఆ చప్పుడులోంచి కొంచెం పక్కకు వచ్చి, ఇగ ఇప్పుడెందుకురా, ఇప్పుడు ఏ గోడ మీద జూసినా గదే రంగు గద, అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కూడా నాలుగు మాటలు అని తేలికపడేవాణ్ని. మంచిగ మిఠాయి తిన్నవా అని అడిగి, ఎవరో పిలుస్తున్నారని పెట్టేశాడు. ఆయన వచ్చి చూడలేదు. రెండేళ్లకు మా కంపెనీ ఆ చోటు ఖాళీ చేసినప్పుడు ఆ పటాన్ని ఎవరు తీసుకెళ్లారో నేను కనుక్కోలేదు.

ఇప్పుడు ఆ భవనం స్థానంలో ఇంకా పెద్ద భవనం ఉంది. రంగులకు భయపడ్డ ఆ రోజులు మా పిల్లలకు చెబితే నమ్మరు, వాళ్లకు గులాబీ అంటే గులాబీ, పసుపు అంటే పసుపు. కూకట్‌పల్లిలో ఉండే ఆ పక్క సీటు ఆవిడ, తన మనవరాళ్లు బతుకమ్మ ఆడుతున్న ఫొటోలు పంపుతుంది, నేను ఉగాదికి ఆవిడ చేసే పులిహోర కోసం ఇప్పటికీ వెళ్తాను. మధ్యాహ్నం డబ్బాల దగ్గర నీళ్ల గురించి ముఖాలు తిప్పుకున్నవాళ్లమే ఇప్పుడు మోకాళ్ల నొప్పులకు మందులు చెప్పుకుంటున్నాం. అన్నీ సర్దుకున్నాయి, సర్దుకోవడం మంచిదే. ఒక్కోసారి మాత్రం అనిపిస్తుంది, ఆ రోజుల్లో మనం ఒక రంగు కోసం రోడ్డెక్కినవాళ్లం, ఒక రంగును చూసి దాక్కున్నవాళ్లం, రెండు రకాలుగానూ ఆ రంగులో ఏదో ఉందని నమ్మాం, ఇప్పుడు ఏ రంగునూ ఎవరూ అంత నమ్మడం లేదు.

మొన్న వేసవిలో జనగామ వెళ్లినప్పుడు అన్నతో కలిసి బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే ఆయన పాత శిష్యుడెవరో వచ్చి కాళ్లకు దండం పెట్టాడు. అన్న బాగా పెద్దవాడైపోయాడు, చెయ్యి వణుకుతుంది, గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. ఆ అబ్బాయికి నన్ను చూపించి, మా తమ్ముడు, హైటెక్ సిటీల పని చేసిండు, పాత బొమ్మలకు అసలు రంగు తెచ్చేటోడు, అన్నాడు. నేను చటుక్కున ఆయన ముఖంలోకి చూశాను, ఎక్కడైనా చిన్న ఎత్తిపొడుపు ఉందేమోనని. లేదు. నిజంగానే గర్వంగా చెబుతున్నాడు. ఆ అబ్బాయి ఆశ్చర్యంగా నా వైపు తిరిగి, అదెట్ల జేస్తరు సార్, అని అడిగాడు, అన్న కూడా నేను చెబితే విందామని నా వైపే చూస్తున్నాడు. నేను చాయ్ చల్లారిపోతుందని చెప్పి తల వంచుకున్నాను.